సగం ఇత్తులు

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ పక్కన
కోర్టు కేసులో ఆగిపోయిన సెల్లారు గుంత.
అందులోంచి తోడిన ఎర్రమట్టి
మూడేళ్లుగా గుట్టపడి ఉంది.
దాని మీద మొన్న జూన్‌లో
మా వాచ్‌మన్ అత్త తుల్జమ్మ
జొన్నలు చల్లింది.

జొన్నలొక్కటే అనుకున్నాను.
కాదట. కంది, అనుములు, కొర్ర, పుంటికూర,
ఇంకా నాకు పేరు తెలియనివి రెండు.
జహీరాబాద్ బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన
పెయింటు బకెట్టే ఆమెకు గుమ్మి.
దాన్ని అలకడానికి పెండ దొరక్క
నార్సింగి వెనక తబేలా దాకా నడిచింది.
ఇత్తుల్లో కలపడానికి బూడిద లేక
ఇరానీ హోటల్ తందూరు దగ్గర డబ్బా పట్టుకొని నిలబడింది.
"పురుగుకేం ఎరుక, ఏ పొయ్యి బూడిదో!"

నేను ఈ బిల్డింగు నీళ్ల లెక్కలు రాస్తాను.
పన్నెండు వందల అడుగుల బోరు.
రాయి, దాని కింద రాయి.
ఏప్రిల్ ఒక్క నెలకే నూట నలభై ట్యాంకర్లు.

అందుకే అడిగాను
వానొచ్చేది నీకెలా తెలుస్తుందని.
చీమలనో, తూనీగలనో, పడమటి గాలినో
చెబుతుందని పెన్ను కూడా తీశాను.
తుల్జమ్మ పళ్ల సందున వేపపుల్ల అటు నుంచి ఇటు మారింది.
"తెల్వదు.
మా అమ్మకు తెలుసు. నాకూ కొన్నేండ్లు తెల్సింది.
ఇప్పుడు మిరుగం పోయి ఆరుద్రల వడుతున్నది,
ఆరుద్ర యాడ వడుతున్నదో దానికే తెల్వదు.
గందుకే గద
సగం ఇత్తులు బకెట్ల ఉంచిన."

తొలి వానకు మొలిచినవి
ఇరవై రెండు రోజుల ఎండకు
కాలిన అగరొత్తుల్లా ఒరిగిపోయాయి.
ఆమె వాటినే పీకి
మట్టి మీద పరిచింది, ఉన్న పదును పోకుండా.
జూలై చివర
నానక్‌రాంగూడ అద్దాల నిండా మొగులు కమ్మిన పొద్దున
బకెట్టు మూత తీసింది.
అప్పుడు కూడా అడుగున
రెండు గుప్పిళ్లు మిగుల్చుకుంది.

కార్తీకం వచ్చింది.
కొర్ర పోయింది. జొన్న సగం రామచిలకల పాలు.
కంది మాత్రం పసుపు చల్లినట్టు పూసింది,
అనుము తీగ రేకుల కంచె దాటి
మా పార్కింగులోకి తొంగి చూస్తోంది.
సెక్రటరీ దాన్ని తెంపించమన్నాడు.
నేను ఇంకా చెప్పలేదు వాచ్‌మన్‌కి.

నిన్న మీటింగులో అందరూ చేతులెత్తారు
పదిహేను వందల అడుగులకు ఇంకో బోరని.
ఉన్న డబ్బంతా అందులోకే.
నా లెక్కల పుస్తకంలో
వచ్చినవీ ఖర్చయినవీ గళ్లున్నాయి,
దాచినవి రాసే గడి
ఎప్పుడూ గీసుకోలేదు.

కేసు తేలేట్టుంది, జేసీబీ వస్తుందట,
గుట్టంతా ఎత్తుకుపోతారట అని
ఎలాగో నోరు తెరిచి చెప్పాను.
తుల్జమ్మ కందికాయ ఒలిచి నోట్లో వేసుకుంది.
"పోనీ తియ్.
మట్టి యాడ పోస్తరో
జర అడుగు."