మూడో క్రోమోజోము కొస

కింగరాయ్‌లో మట్టి ఎరుపు.
బూట్ల అంచుల్లో, కారు మ్యాట్ల మీద, ల్యాబ్ కోటు జేబు కుట్టులో
ఎన్నిసార్లు ఉతికినా పోని ఎరుపు.
ఈ ఏడు జనవరి దాటాక చినుకు లేదు.
ఊడలు దిగిన వేళకే నేల నోరు తెరిచింది.

ఏప్రిల్లో క్లైవ్ హార్ట్‌విగ్ లారీ
గోదాముల నీడలో వచ్చి ఆగింది.
పధ్నాలుగు టన్నులు.
నమూనా తీసి, పొడి కొట్టి,
చీకటి గదిలో నల్లదీపం కింద పరిచాను.
బూడిదరంగు పిండిలో అక్కడక్కడా
నీలం చుక్కలు.
అందంగా ఉన్నాయి.
ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

"ఎంత?" అన్నాడు.
"వంద కోట్ల పాళ్ళల్లో తొంభై."
వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలోనే మానేశాడు.
లారీ తిరగడానికి
చాలాసేపు పట్టింది.

అప్పట్నుంచి నేను బూజునే అడుగుతున్నాను.

వెలుతురులో ఉంచితే బుద్ధిమంతురాలు.
ఆకుపచ్చ పొడి రాల్చుకుంటూ
పిల్లల్ని గాలికప్పగిస్తూ కూర్చుంటుంది.
దీపం తీసెయ్యి,
అంతవరకూ కేంద్రకం గడప బయట తచ్చాడిన ఒక ప్రోటీను
తోడొకర్ని వెంటబెట్టుకుని లోపలికి నడుస్తుంది.
లోపల మూడోవాడు కాచుకుని ఉంటాడు.
ముగ్గురూ కలిస్తే గానీ ఆ పని కాదు.

మూడో క్రోమోజోము కొసన,
ఊరవతల వీధిలాంటి చోట
పాతిక పైచిలుకు జన్యువులు
ఒకదాన్నొకటి ఆనుకుని ముసుగుతన్ని పడుకుంటాయి.
దుప్పటి లాగడం ఈ ముగ్గురి వంతు.
పేరుపేరునా లేపడానికి మేస్త్రీ వేరే.
ఇక వరస కదులుతుంది:
మేడ మీదికి ఇటుకలందించే కూలీల్లా
ఒకరు మలిచింది ఒకరి చేతికి,
ఆ చేతినుంచి ఇంకో చేతికి.
చివరి చేతిలో ఉన్నదే
హార్ట్‌విగ్ పిండిలో వెలిగిన నీలం.

నేను వరసలో మొదట్లోనే ఒకణ్ణి తీసేశాను.
నాలుగో రోజుకి పళ్ళెం అడుగంతా
ఇటుక ఎరుపు.
ముందుకి అందించేవాడు లేక పేరుకుపోయిన సరుకు.
వాకిట్లో మట్టి చెప్పులు విప్పకుండా
ల్యాబులోకి నడిచొచ్చినట్టుంది.
నొరీన్ పాస్కో కళ్ళద్దాలు నుదుటికి తోసి చూసి,
"పేపర్లో బాగా పడుతుంది ఫోటో" అంది.

తర్వాత దుప్పటి లాగేవాళ్ళ మీద పడ్డాను.
ఆ మొదటి ప్రోటీను లేకుండా పెంచితే
విషం లేదు.
విషంతోబాటు ఆ నల్ల గింజలూ లేవు,
కరువొస్తే మట్టిలో దాక్కుని
ఏళ్ళకేళ్ళు ఊపిరి బిగబట్టే గింజలు.
దాక్కోవడానికీ చంపడానికీ
ఒకే తాళంచెవి వాడుతుందా ఇది?
నోటుబుక్కులో ప్రశ్నార్థకం పెట్టాను.
ఇప్పటికీ అక్కడే ఉంది.

పొలాలకి మేం ఇవ్వబోయేది వేరే రకం.
ఎవరూ కత్తి పెట్టకుండానే ఎప్పుడో
ఆ చివరి వీధి మొత్తం పోగొట్టుకున్న బూజు.
గింజలకి పట్టించి సాళ్ళలో చల్లితే
విషమున్న అక్కకి చోటు దొరక్కుండా చేస్తుంది.

"డబ్బిచ్చి బూజు కొని నా పొలంలోనే చల్లుకోవాలా?"
హార్ట్‌విగ్ నవ్వలేదు.
ముల్లుని ముల్లుతోనే తియ్యాలని మా సామెత చెప్పాను.
ఇంగ్లీషులోకొచ్చేసరికి
అందులో ముల్లు మిగిలింది గానీ సామెత మిగల్లేదు.
జేబులోంచి ఒక కాయ తీసి చిట్లించాడు.
మా వైపు వీటిని బుడ్డలంటామని చెప్పాను.
రెండుసార్లు పలికి చూసి, పప్పు నోట్లో వేసుకుని,
చేదు తగిలి పక్కకి ఉమ్మాడు.
మా నాన్న ఉమ్మినట్టే, ఎడమవైపు తల వంచి.
"నాలుకకి తెలుస్తుందిలే" అన్నాడు.

తెలీదు.
ఆ చేదు వేరే కుళ్ళుది. విషానికి రుచి లేదు.
చెప్పాల్సిందే. అప్పుడు చెప్పలేదు.
మర్నాడు ఫోన్ చేసి చెప్పాను.
ఎటునుంచీ మాట లేదు కాసేపు,
వెనకాల ఖాళీ ట్యాంకు మీద ఏదో పక్షి గోళ్ళ చప్పుడు.

రాత్రి తొమ్మిది.
ఇంక్యుబేటరులో దీపం ఆర్పి
తలుపు మీద చెయ్యి ఉంచి నిలబడతాను.
బయట వాన వాసన లేదు.
లోపల ఎవరో
గడప దాటుతుంటారు.