నాలుగు అంగుళాలు

నాలుగంగుళాల మంచు మనిషిని మోస్తుంది,
పదిహేనైతే ట్రక్కుని.
విన్నిపెగ్ సరస్సు ఒడ్డున పిల్లలకి
ఎక్కాల కన్నా ముందు వచ్చే లెక్క ఇది.

పదకొండు చలికాలాలు
బోర్లించిన బకెట్టు మీదే కూర్చున్నాను,
గాలికి వీపిచ్చి,
మంచులో తొలిచిన బొక్కలోకి దారం వదిలి.
గుడిసె వేసుకోవేం అంటే
డబ్బుల్లేవనేవాణ్ణి.
అది సగం నిజం.
రంపం పడితే నా చెయ్యి వంకరపోతుందని
ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు, అది మిగతా సగం.
మా నాన్న వడ్రంగి మరి.

స్కూలు బస్సు నడిపే డెల్ఫిన్
ఓ మధ్యాహ్నం స్నోమొబైల్ ఆపి
నా చెవి కేసి చూసింది.
"తెల్లబడిపోతోంది ఎగ్గర్ట్.
ఇంకో గంటాగితే కోసి ఎర వేసుకోవచ్చు."
అని వెళ్ళిపోయింది.

ఇక్కడ చేప ఎక్కడ పడుతోందో
తండ్రి కొడుక్కి చెప్పడు.
అడిగితే ఆకాశం చూసి
వాతావరణం గురించి మాట్లాడతారు.
అలాంటి మనుషులు
శనివారం తెల్లారకుండానే
నా గ్యారేజీ ముందు ఇంజన్లు ఆపారు.

కూల్చేసిన కోళ్ళషెడ్డు కిటికీ తెచ్చాడు ఓరెస్ట్,
అద్దం మూల ఇంకా ఒక ఈక అతుక్కునుంది.
డెల్ఫిన్ బస్సు సీటు తెచ్చింది,
దాని వీపున ఏ పిల్లాడో
మేకుతో ఓపిగ్గా చెక్కిన బూతు మాట.
ఎనభై మూడేళ్ళ హాల్డోర్
నూనె డ్రమ్ము కోసి చేసిన పొయ్యి దించి
"దీనికి నాకన్నా ఊపిరెక్కువ" అని
దాని మీదే కూలబడ్డాడు.

కాసేపటికి లేచి
రంపం నా చేతికిచ్చాడు.
గీత గీసే ఉంది.
గీత ఒక దారిన పోయింది, నేనొక దారిన.
ఓరెస్ట్ ఉన్నట్టుండి మేకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు.
డెల్ఫిన్ టీ పెడతానంది.
హాల్డోర్ ఆ పలక తీసుకుని
వంకర అంచు కిందికి తిప్పి
నాలుగు మేకులు కొట్టాడు.
అంతే.
ఇన్ని నెలలైంది, ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రెండో శనివారం రాత్రి
తారు కాగితం కప్పి, కింద స్కీలు బిగించి,
గోడ మీద లైసెన్సు నంబరు రాసి
"ఊఁ, తొయ్యండి" అన్నాం.

కదిలింది.
ఆగింది.

గ్యారేజీ తలుపు కన్నా గుడిసె
నాలుగంగుళాలు వెడల్పు.
కొలతలు తీసింది నేనే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.
మా గుడిసె ఇంట్లోంచే రానని మొండికేసింది.
ఎంతసేపు నిలబడ్డామో,
పొయ్యి లేని గ్యారేజీలో మా నలుగురి ఊపిర్లూ
ఒకే పొగై పైకి పోతున్నాయి.
ముందు ఓరెస్ట్ భుజాలు కదిలాయి.
తర్వాత డెల్ఫిన్ గోడకి జారగిలబడి,
కళ్ళు తుడుచుకుంటూ,
మాట రాక, గునపం వేపు వేలు చూపించింది.
గుమ్మం పీకేశాం.
ఆ సందులో ఇప్పటికీ దుప్పటి కుక్కి ఉంటుంది,
మా ఆవిడ దాన్ని నా సంతకం అంటుంది.

సరస్సు మీద
ఎక్కడ ఆపమంటారు అనడిగాను.
ముగ్గురూ మూడు దిక్కులు చూపించారు.
మూడూ అబద్ధాలేనని తెలిసి
మధ్యలో ఆపాను.

ఇప్పుడు లోపల చీకటి.
నేలలోని గుండ్రటి బొక్క నుంచి మాత్రం
ఆకుపచ్చ వెలుగు పైకొచ్చి
నా బూట్లని తడుముతుంది.
పొయ్యి గొణుగుతుంది. కింద ఎక్కడో
మైళ్ళ పొడుగునా మంచు ఒళ్ళు విరుచుకుంటుంది.
ఆ వంకర పలక దగ్గరే
గాలి సన్నగా ఈల వేస్తుంది.
అక్కడ నా కోటు తగిలించుకున్నాను.

మొన్న హాల్డోర్ వచ్చాడు.
చేపలేమైనా పడ్డాయా అని అడగలేదు.
ఈల వేపు ఒక చెవి వంచి,
తన కోటు విప్పి,
నా కోటు మీద తగిలించి,
బస్సు సీటు మీద కూర్చున్నాడు.