ఏ పద్దు?

ఇరవై ఆరేళ్లు
ఈ వంతెన అప్పుకి బోర్గిల్డ్ నిద్రే వడ్డీ కట్టింది.
టోలు గదిలో చిల్లర లెక్కపెట్టిన పిల్ల
బాండ్ల మీద సంతకాలు చేసే కుర్చీదాకా వచ్చినా
నాణేన్ని బొటనవేలితో తడిమే అలవాటు పోలేదు.

ఈ ఉదయం బాకీ సున్నా.
మంత్రిగారి ఉపన్యాసం సగం
ఫ్యోర్డు గాలికే పోయింది.
గేటు ఎత్తేశారు. ఇక దించరు.

మొదటి కారు ఓడ్వార్‌ది.
వంతెన లేచిన ఏడాది ఆగిపోయిన ఫెర్రీకి
చివరి సరంగు.
అప్పట్లో అతని జీతం ఆమె పట్టికలో
"ఆదా" కింద పడింది.

అద్దం దించి పది క్రోన్లు చాచాడు.
"ఇక అక్కర్లేదు."
"తెలుసు. నా పడవలో ఊరికే ఎవరూ దాటలేదు."

తీసుకుంది.
ఏ పద్దులో రాయాలో తోచక
ఇంకా కోటు జేబులోనే,
తడుముతూ.