బొటనవేలి దూరం

తెల్లారి అయిదింటికి మెహియోనెస్ రేవు మీంచి
పొగమంచు లేస్తుంది, ఇక్కడివాళ్ళకది కమంచాకా.
వానెరగని ఎడారికి ఆ మాత్రమే తడి.
ఆ ఉదయం రోడ్డు వంపు దగ్గర
తెలుపు రెండు రకాలుగా ఉంది.
ఒకటి కొండల వైపు నడిచిపోతోంది.
రెండోది నేలను కరుచుకుని
పక్కకి ఒరిగిన ట్యాంకరు చుట్టూ
ముడుచుకు పడుకుంది.

మరిత్సా బేకరీలోంచి అలాగే వచ్చేసింది,
మోచేతుల దాకా పిండితో.
జీతం లేని కొలువు; సైరన్ మోగితే
రొట్టెలు పొయ్యిలోనే.
దిగుతూ చిటికెడు పిండి గాల్లోకి విసిరింది.
అది ముఖాన పడలేదు, ట్యాంకరు వైపు సాగింది.
గాలి వీపున ఉంది. సరే.
గాలివాటు మనిషంటే బయట తిట్టు.
ఈ పనిలో అదే ఓనమాలు.

"చెయ్యి చాపు," అన్నాడు ఎవులోహియో.
"బొటనవేలు నిలబెట్టు. ఒక కన్ను మూయి.
బండి వేలి వెనక దాగిందా?"
దాగలేదు. అటు క్యాబిను, ఇటు చక్రాలు.
"అయితే దగ్గరున్నాం. వెనక్కి."
బొటనవేలు కోసిమ్మనే గురువు కాడు,
అడ్డం పెట్టి చూడమంటాడు, అంతే.

మూడుసార్లు వెనక్కి.
మూడోసారికి ట్యాంకరు గోటి వెనక ఇమిడింది.

బైనాక్యులర్లో నారింజ పలక, నల్లటి అంకెలు:
ఒకటి, సున్నా, సున్నా, అయిదు.
పుస్తకంలో వేలు పెట్టి చదివింది. అమ్మోనియా.
తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది
కంటికి, గొంతుకి, చంకలో చెమటకి.
నిలిచిన మడుగు మీద నీళ్ళు కొట్టకు,
రెచ్చిపోయి లేస్తుంది.

అప్పుడు, ఎత్తి ఉన్న క్యాబిన్ అద్దం మీద
ఒక అరచెయ్యి కదిలింది.

కొత్త కుర్రాడు నికానోర్ పరిగెత్తబోయాడు.
ఎవులోహియో వాడి బెల్టు పట్టుకున్నాడు,
ఒక్క మాటా అనకుండా.
రోడ్డు పక్క కుక్క ఒకటి
తోకూపుకుంటూ ఆ తెలుపులోకి వెళ్ళింది.
రాలేదు.
బెల్టు వదిలాక కూడా నికానోర్ కదల్లేదు.

పదిహేడు నిమిషాలు.
సూట్లు, సిలిండర్లు, లోపలికి ఇద్దరు,
వాళ్ళ కోసం తయారుగా బయట ఇద్దరు,
కడిగే తొట్లు ముందే పరిచి.
మిగిలినవాళ్ళకి
ఆ అరచేతిని చూస్తూ నిలబడటమే పని.
దీనికి పతకమేదీ లేదు.
"పరిగెత్తడం కాళ్ళకి పుట్టుకతోనే వచ్చు,"
అంది మరిత్సా తర్వాత నాతో,
"ఆగడం మనం నేర్పాలి."

డ్రైవరును తెచ్చారు.
బట్టలు కత్తిరించి నీళ్ళు, మళ్ళీ నీళ్ళు,
పేరు అడుగుతూ నీళ్ళు.
రెండోసారి అడిగితే
గొంతులేని పెదాలతో చెప్పాడు.

బూట్లు సంచిలో మూతికట్టి స్టేషన్లోనే వదిలి
మాడిన రొట్టెలు పారేసి
ఆమె మళ్ళీ పిండి కలిపింది.
పదకొండుకి ఎవులోహియో వచ్చాడు, రోజూలాగే.
ఇరవై ఏళ్ళ కిందట ఏదో రైలు యార్డులో
వాసనేమిటో చూద్దామని వంగాడట, ఒక్కసారి.
అప్పట్నించీ ముక్కు మూగ.
అయినా వేడి రొట్టె తీసుకుని
ముందు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు.

"బాగుందా?" అని అడిగింది.
"నువ్వే చెప్పు," అన్నాడు.