ఒక్క చెప్పు

పరకాల ఆసుపత్రిలో నా మూడో సోమవారం.
ఓపీ వరండా దాటి వేపచెట్టు దాకా పాకింది.
గోడకు ఆనుకుని పత్తి ఏరే ఆడవాళ్లు,
కొంగు ముడిలో పాత చీటీలు,
వేళ్ల మీద పత్తికాయ గీరిన గీతలు.

సారంగపాణి సారు నాకో స్టూలు చూపించి
"రాయి. కానీ ముందు విను" అన్నాడు.

ఇక్కడ జబ్బులకు నేను చదివిన పేర్లు లేవు.
"పాణం బాగుంటలేదు" అంటారు.
ఆ ఒక్క మాటలో రక్తం తక్కువ కావచ్చు, క్షయ కావచ్చు,
మొగడు తాగొచ్చిన రాత్రి కావచ్చు.
"గుంజుతున్నయ్" అంటారు.
గుంజేది నరమా, కండా, గ్రూపులో కట్టని కిస్తా,
రాయడానికి చీటీలో గడి లేదు.

సాంబలక్ష్మి, అరవై ఒకటి. షుగరు పన్నెండేళ్లుగా.
అన్నీ అడిగాను, వరుస తప్పకుండా:
దూపైతుందా, రాత్రి లేస్తున్నవా, చూపు మసకా,
గోలీలు మరిచిపోతున్నవా, నొప్పులేమన్నా?
"నొప్పా? ఏ నొప్పి లేదు బిడ్డా. మంచిగున్న."
నొప్పి లేదు, అని రాసుకున్నాను.
సంతోషంగా కింద గీత కూడా గీశాను.

చీటీ మడిచి రవికలో దోపుకుని లేచింది.
గుమ్మం దాకా పోయి, తలుపు పట్టుకుని
వెనక్కి తిరిగింది.

"చెప్తె నవ్వుతరు గని,
మొన్న అంగట్లకెల్లి ఒక్క చెప్పుతోని ఇంటికచ్చిన.
రెండోది ఏడ ఊడిందో ఎరుకనే లేదు.
మనుమరాలు సూసి ఒకటే నవ్వుడు."

నేనూ నవ్వాను.
నవ్వుతూనే పక్క చీటీ అందుకున్నాను.
సారు పెన్నుకు మూత పెట్టిన చప్పుడు వినిపించింది.
"అమ్మా, ఇటు రా. కూసో."

ఆమెను నా స్టూలు మీద కూర్చోబెట్టి
తను నేల మీద కూర్చున్నాడు, మోకాలు టక్కుమంది.
ఆమె పాదం ఒళ్లో పెట్టుకున్నాడు.
"అయ్యో సారూ, నీకు నా కాలు తాకుడేంది!
పాపం తగుల్తది నాకు."

దూది తెమ్మన్నాడు. కొస మెలిపెట్టి
పోగు చేసి నా చేతికిచ్చాడు.
"కండ్లు మూసుకో అమ్మా. తాకంగనే చెప్పు."

తాకాను. బొటనవేలు. మడమ. వేళ్ల సందు.
మళ్లీ బొటనవేలు.
పరీక్ష రాసే పిల్లలా
ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఎదురుచూస్తోంది.
"ఇంకా పెట్టలేదా బిడ్డా?"

పత్తి.
నలభై ఏళ్లు ఆ వేళ్లు కాయల్లోంచి లాగి
ఒడి నింపి, జమ్మికుంట బండ్లకెత్తిన పత్తి
ఇవాళ వచ్చి పాదాన్ని పలకరిస్తే
ఆమె పలకలేదు.
పిక్క సగందాకా పాకాక అన్నది:
"ఆఁ, గిప్పుడు."

చిటికెన వేలి సందులో నల్లని చుక్క.
చిమటాతో లాగితే అరంగుళం పత్తికట్టె పుల్ల.
"ఎన్నడు దిగింది?"
"దిగిందా?"

సారు నా వైపు చూడకుండానే అన్నాడు:
"నొప్పి లేదని రాసినవు గదా. జబ్బు అదే."

ఎంజీఎంలో తీసేసిన పాదాలు చూశాను.
వాటి దశలూ కోసే చోటూ రాస్తే పది మార్కులు, రాశాను.
అవన్నీ ఏ గుమ్మం దగ్గర
నవ్వులాటలా మొదలయ్యాయో
నన్నెవరూ అడగలేదు.

"ఉడుకు నీళ్లు కాలుతోని సూడకు, మోచేత్తోని సూడు.
చెప్పు లేకుండ చేన్ల దిగకు.
రోజు పండుకునేముందు పాదాలు సూస్కో."
"నాకు సక్కగ కనవడది సారూ."
"మరి నవ్వినామె ఉన్నది గదా?
ఆ పిల్లకు డ్యూటీ ఏసిన్నని చెప్పు."

కట్టు కట్టించుకుని ఆమె వెళ్లిపోయింది,
కొత్త చెప్పులు తడుముకుంటూ.

తర్వాతి పెద్దాయన, దగ్గు, చీటీ తీసుకుని లేచాడు.
నేను పక్క పేరు పిలవలేదు.
గుమ్మం దాకా పోయాడు. తలుపు పట్టుకున్నాడు.
వెనక్కి తిరిగాడు.
పెన్ను కింద పెట్టాను.

"బస్టాండుకు ఆటోలు ఈడనే దొరుకుతయా బిడ్డా?"

దొరుకుతాయని చెప్పాను,
అడగడం పూర్తయ్యాకే.