చలువరాతి కింద గాలి

మా ఊరికి రెండు పేర్లు.
నేను పిలిచే పేరుకి స్నేహితుడని అర్థం.
గోడ అవతలివాళ్ళు పిలిచేదీ
ఆ మాటకే చుట్టమంటారు తెలిసినవాళ్ళు.
ఇంత స్నేహమున్న ఊళ్ళో
మసీదుకి పోవాలంటే రోజూ నేను
మూడు ఇనుప గేట్లు తిరిగి
నడుం బెల్టు ఊడదీసి చూపించాలి.

నా పేరు రాజిహ్. దీపం నా పని.
నేల మీద రాగి మూత, మూతకి బెజ్జాలు,
బెజ్జాల కింద గుహ,
గుహలో మా అందరి ముసలాయన.
గొలుసుకి కట్టిన నూనెదీపాన్ని
మా నాన్న దించేవాడు, ఇప్పుడు నేను.
లోపల ఏముందో ఆయనా చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు.
గాలి మాత్రం పైకొస్తుంది,
ఎండల్లో కుండకి చుట్టిన తడిగుడ్డలా
చెంపకి తగులుతుంది.

ఏడాదిలో ఓ పది రోజులు కట్టడం మొత్తం వాళ్ళది,
ఇంకో పది రోజులు మొత్తం మాది.
వాళ్ళ రోజుకి ముందు రాత్రి తివాచీలు చుట్టి మోస్తాం.
కింద బయటపడ్డ రాళ్ళు
ఎవరి తాలూకూ కానట్టు చూస్తుంటాయి.

మళ్ళీ పరుస్తున్నప్పుడు దొరికింది,
రిఫ్కా సమాధి పక్క కిటికీ గట్టు మీద,
కళ్ళజోడు.
ఒక కాడ విరిగితే నల్లదారం చుట్టుకున్నాడు.
ఆ ముడి మా అమ్మ వేసే ముడిలా ఉంది.
అంతమాత్రాన ఏమీ అనుకోకూడదు, అనుకోలేదు.
సిపాయికి ఇస్తే వంద ప్రశ్నలు.
జేబులో వేసుకున్నాను.

రాత్రి ఇంట్లో, తప్పని తెలిసీ, పెట్టుకున్నాను.
మూడేళ్ళుగా చీమలబారులా పాకుతున్న నా పుస్తకం
ఎక్కడి అక్షరం అక్కడ నిలబడింది.
మొదట కనబడింది ముసలాయన పేరే.
ఈ అద్దాల్లోంచి అతను ఏం చదివేవాడో,
అదే పేరు కాబోలు,
కుడి నుంచి ఎడమకే.

చలి మొదలయ్యాక తిర్సిత్ వచ్చింది,
గోండార్ నుంచట. తెల్ల శాలువా, మెడలో కొయ్య సిలువ.
ఆమెని రెండు వైపులకీ పోనిస్తారు,
ఏ వైపూ ఆమెది కాదు కనక.
రాగి మూత మీద చెవి ఆనించి చాలాసేపు ఉంది.
లేచి, వచ్చీరాని అరబ్బీలో అంది:
"ముసలాయన్ని కొడుకులిద్దరూ కలిసే మట్టి చేశారు.
మా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది, వాళ్ళదాంట్లోనూ.
నీకు తెలీదా?"

తెలీదు.

అప్పట్నించీ గొలుసు వదులుతూ అదే ఆలోచన.
తల్లితో పాటు ఎడారిలో వదిలేసిన పెద్దవాడికి
కబురెవరు పెట్టారు? ఎన్నాళ్ళు నడిచాడు?
కత్తి కింద పడుకున్నది నువ్వా నేనా,
ఆ తగువు ఆ పూట ఎత్తలేదా?
తల వైపు ఎవరు పట్టారు, కాళ్ళ వైపు ఎవరు?
గుహ ద్వారం ఇరుకు, ఒకడు వెనక్కి నడవాలి.
"మెట్టుంది, చూసుకో" అని
రెండోవాడు చెప్పే ఉంటాడు కదా.
ఆ మాట ఏ పుస్తకమూ రాసుకోలేదు.
తరవాతే దాయాదులయ్యారు,
చేతులు కడుక్కున్న తడి ఆరకముందే కావచ్చు.

వాళ్ళ రోజు మళ్ళీ వచ్చింది.
తివాచీలు చుట్టి, కళ్ళజోడు అదే గట్టు మీద పెట్టాను.
మర్నాడు చూస్తే అక్కడే ఉంది.
ఒళ్ళు మండింది.
తీసి చూద్దును కదా, అద్దాలు తుడిచి ఉన్నాయి.
నల్లదారం లేదు, కొత్తది, తెల్లది, బిగించి చుట్టారు.
అతనో, ఇంకెవరో. అతను పోయాడేమో కూడా.

ఇవాళ గుహలోంచి గాలి జోరుగా ఉంది.
వత్తి రెండుసార్లు ఆరింది.
మూడోసారి అగ్గిపుల్ల గీస్తుంటే
గోడ అవతల ఎవరో తుమ్మారు.
తుమ్మినవాడికి మేం చెప్పే దీవెన ఒకటుంది.
నోటిదాకా వచ్చింది.
వంగి, మెల్లిగా,
బెజ్జాల్లోకి అన్నాను.