పక్క వరుసలో పడిన రెండక్షరాలు

చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
ప్రూఫులు చూసే పని నాది.
డబ్బా మీద అచ్చయ్యే ప్రతి ముక్కా
ముందు నా గోటి కింద నలగాల.

ఈ పొద్దు దొరవేలు పంపిన లేబుల్లో
ట్రీ-రైపెన్ దాకా ఒక వరుస,
చివర ఒక గీత,
కింది వరుసలో ఈ, డీ,
బస్సు తప్పిపోయి పలమనేరు స్టాండులో నిలబడిన
ఇద్దరు పిల్లోళ్ల మాదిరి.

"ఏందబ్బా, ఈడీని యాడ పారేసినావు?"
"జాగా లేదక్కా. అడ్డగీత పెట్టినా గదా,
ఇంగేం కావాల నీకు?"

గీత పెట్టినచోట కాదబ్బా,
నోరు ఆగినచోట తెగాల మాట.
గడ్డం కింద చెయ్యి పెట్టుకో.
ట్రీ. రై. పెన్డ్.
మూడు తూర్లు దిగింది గదా దవడ,
నాలుగోది దిగిందా?

ఎనిమిదో తరగతిలో చెంగల్రాయ అయ్యవారు
గణాలు వేయించిన అలవాటు ఇంకా పోలా.
ప్రూఫు అంచున పెన్సిలుతో గుర్తులు పెడితే
మూడూ గురువులే, మగణం!
సారు ఉంటే మురిసిపోయుండేవాడు.
సరుకు చూసేదానికి హాలండు నుంచి వచ్చినామె మాత్రం
ట్రీని కొట్టి పలికింది,
రై మీద మెల్లగా నడిచింది,
పెన్డ్‌ను టెంక మాదిరి
బుగ్గలో దాచేసుకుంది.

మేము దాచం.
పొల్లు కనిపిస్తే కింద ఒక ఉకారం పరుస్తాం,
బిల్లు, బస్సు, లేబులు,
హ్యాండు పిక్కెడ్డు!
ఫ్యాక్టరీ అంతా అట్లే అంటారు, మేనేజరుతో సహా.

హ్యాండ్-పిక్డ్. రెండే ముక్కలు.
ఈడీ ఉండేది కంటికే.
హ్యాండ్-సార్టెడ్. మూడు.
ముందర ట ఉండబట్టి ఈడ ఈడీకి నోరొచ్చింది.
బెల్టు దగ్గర రెడ్డెమ్మకు చెప్పినా,
నువ్వు ఏరితే పలుకుతుందంట,
అంకయ్య కోస్తే పలకదంట అని.
"దోటి పట్టుకుని ఎండలో కొమ్మకొమ్మకూ పొయ్యేది వాడు,
వాడికే లేదా?" అనింది.
చెయ్యి ఆపలా.
మచ్చ కాయ ఒకటి తీసి పక్కకేసింది.

తెలుగులో రాసి చూసినా.
చేత్తో కోసిన.
చేత్తో ఏరిన.
ఇద్దరికీ చివర ఒక న,
గీత లేదు, మింగేది లేదు.
చెట్టున మాగిన.

ఆడ ఆగింది పెన్సిలు.

దామలచెరువు మండీలో పచ్చికాయ దించుకొచ్చి
గోడౌన్లో వరిగడ్డి కప్పి
మేము మాగబెట్టిన పండు ఇది.
ఇంగ్లీషులో మూడు దినాలుగా పలుకుతా ఉన్నా,
ఒక్క తూరి కూడా తట్టలా.

మళ్లీ దొరవేలు:
"అక్షరం సైజు తగ్గించినానక్కా,
ఈడీ పైకొచ్చేసింది.
మాట యాడా తెగలా.
ఓకే కొట్టేదా?"

గడ్డం కింద చెయ్యి పెట్టుకునే ఉన్నా.
దవడ దిగలా.